పేరు మార్చని బొమ్మ

పొద్దున్నే భోజనాల బల్ల నిండా రంగులు పరుచుకుని కూర్చుంది తల్లి. తడి కాగితం మీద గులాబీరంగు పారించి, పక్కనే కాస్త ఆకుపచ్చ వదిలి, పైన చిటికెడు ఉప్పు చల్లింది. ఉప్పు పడ్డ చోటల్లా రంగు పక్కకు తప్పుకుని తెల్లటి చుక్కలు విచ్చుకున్నాయి.

ఆఫీసుకు తయారైన కూతురు టీ కప్పు పట్టుకుని, గోడకు ఆనించిన పెద్ద బొమ్మ ముందు ఆగింది. మర్నాడు లైబ్రరీలో ప్రదర్శనకు వెళ్ళాల్సిన బొమ్మ అది. మనిషి లేడు, చెట్టు లేదు. గళ్ళు గళ్ళుగా ఎరుపు, బూడిదరంగు, మధ్యలో తెల్లటి గీతలు. కింద చీటీ మీద ‘నేను పనిచేసిన ఉప్పు మడులు’ అని రాసి ఉంది.

“ఈ పేరేంటమ్మా? ‘సాయంసంధ్య’ అని పెట్టు. అందంగా ఉంటుంది.”

“సంధ్య కాదే అది. మిట్టమధ్యాహ్నం.”

“మా ఆఫీసు వాళ్ళు వస్తున్నారు. నువ్వు టీచరుగా చేశావని చెప్పాను వాళ్ళకి.”

తల్లి కుంచె పక్కన పెట్టింది. బిడ్డ చంకలో ఉన్నప్పుడు పట్టిన పార, ఆ బిడ్డకు ఉద్యోగం వచ్చాకే దించిన చేతులవి.

“నన్నడక్కుండానే నాకు ఉద్యోగం వేయించావన్నమాట! ఏం పాఠం చెప్పేదాన్నట?”

“వెటకారం వద్దు. పేరు మార్చు, లేకపోతే ఆ బొమ్మ పంపకు. నా పరువు తీయకు.”

“సిగ్గయితే నువ్వు రాకు. పేరు మాత్రం మారదు. ఆ మడుల్లో నడుం వంచాను గానీ ఎవడి ముందూ తల వంచలేదు. ఇప్పుడు నీ ముందూ వంచను.”

కూతురు టీ తాగకుండానే విసురుగా వెళ్ళిపోయింది.

మర్నాడు తల్లి ఆ బొమ్మను దుప్పట్లో చుట్టుకుని ఒక్కతే బస్సెక్కింది. లైబ్రరీ హాల్లో దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. మధ్యాహ్నానికి కూతురు ఆఫీసు వాళ్ళతో వచ్చింది గానీ, దూరంగా కిటికీ దగ్గరే నిలబడిపోయింది. వాళ్ళ పెద్ద సారు మాత్రం నేరుగా బొమ్మ దగ్గరికే వచ్చాడు.

“మీరు నిజంగా అక్కడ పనిచేశారా అమ్మా?”

“చేశానండీ. మా అమ్మాయి చేతికందొచ్చేదాకా.”

“మరి ఈ తెల్ల గీత ఏంటి?”

“గట్టండి. పిల్లని గుడ్డ పరిచి అక్కడ పడుకోబెట్టి మడిలోకి దిగేదాన్ని. ఏడిస్తే నాకు వినపడాలి కదా.”

“ఆ అమ్మాయి ఇప్పుడేం చేస్తోంది?”

తల్లి కిటికీ వైపు ఒక్కసారి చూసింది. బతిమాలుతున్నట్టు కాదు. చెప్పేదేదో నువ్వే చెప్పుకో అన్నట్టు.

కూతురు ఎప్పుడు కదిలిందో, అందర్నీ తప్పించుకుంటూ వచ్చి బొమ్మ ముందు నిలబడింది.

“మీ దగ్గరే పనిచేస్తోంది సార్. ఆ గట్టు మీద పడుకున్నది నేనే. మా అమ్మ టీచరు కాదు. నేనే అబద్ధం చెప్పాను.” మరుక్షణం తల్లి భుజం మీద వాలి, హాలంతా తిరిగి చూసేలా వెక్కి వెక్కి ఏడ్చింది.

తల్లి కళ్ళూ నిండాయి. అయినా కూతురి వీపు నిమురుతూ, అందరికీ వినపడేలాగే అంది:

“చూశారా, అప్పుడూ ఇంతే. రెండు మడుల అవతలికి వినపడేది.”