నలభై నిమిషాల్లో ఆసుపత్రి

ఆ ఇంట్లో తెల్లవారడం మామూలుగా ఇంటాయన గొప్పలతో మొదలవుతుంది. ఆ వేళ మాత్రం మాత్రల సీసా గలగలతో మొదలైంది. ముందురోజు సాయంత్రం బస్సు దిగిన కూతురు, వంటగది గట్టు మీద తల్లి మందులన్నీ కుప్పపోసి, ఒక చిన్న సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తి చూస్తోంది. నగరంలో గుండె జబ్బుల వార్డులో నర్సు ఆ పిల్ల. పిల్లంటే నలభై దాటింది, అయినా తల్లికి పిల్లే.

"నాలుక కింద పెట్టుకునే మాత్రలు పోయిన నెల ముప్ఫై పంపాను. పంతొమ్మిదే ఉన్నాయేంటమ్మా?"

ఆవిడ పొయ్యి మీద పాలు పొంగకుండా కాపలా కాస్తున్నట్టు నిలబడింది. గిన్నెలో పాలు ఇంకా పోయనేలేదు.

"ఎక్కడో దొర్లిపోయుంటాయి."

"పదకొండు మాత్రలు దొర్లిపోయాయా? వాటికేమన్నా కాళ్ళున్నాయా?"

"ఉదయాన్నే పోలీసులా తగులుకున్నావేంటే," అని ఆవిడ కసిరింది. కసురుతూనే వసారాలోకి ఓ కన్ను వేసింది. ఆయన వింటున్నారేమోనని ఆవిడ భయం.

ఆయన వినడం లేదు. వసారా ముందు తన సొంత వ్యాను తుడుచుకుంటున్నారు. ముప్ఫై మూడేళ్ళు అంబులెన్స్ నడిపిన మనిషి. తోటివాళ్ళు సైరన్ అని పిలిచేవారు. ఆయన హారన్ మోగిస్తే ట్రాఫిక్ దీపాలు జడుసుకుని వాటంతటవే పచ్చబడేవట. ఒకసారైతే జ్వరం మనిషిని ఎంత వేగంగా తీసుకెళ్ళారంటే, జ్వరం సగం దారిలోనే వెనకబడిపోయి, మనిషొక్కడే ఆసుపత్రి చేరాడట. డాక్టర్లు రోగమేదని అడిగితే, వెనకాల వస్తోంది, కాసేపు ఆగండి అన్నారట. ఈ కథ ఆవిడ ఎన్నో వందలసార్లు విన్నది. అయినా నవ్వేది.

రిటైరయ్యాక ఈ రేవు ఊరికి వచ్చి రెండేళ్ళు. ఊళ్ళో ఒక ఆరోగ్య కేంద్రం ఉంది. డాక్టరు గురువారం మాత్రమే వస్తాడు. మిగతా ఆరు రోజులూ కట్టు కట్టే ఆవిడా, దగ్గు మందూ ఉంటారు. అంటే జబ్బు చేయాలనుకున్నవాళ్ళు గురువారం చూసుకుని చేయాలి. గుండెకు చూపించుకోవాలంటే యాభై రెండు కిలోమీటర్లు పోవాలి. ఆవిడ గుండెలో అప్పటికే రెండు స్టెంట్లున్నాయి.

కూతురు సీసా పట్టుకుని వసారాలోకి వెళ్ళింది. వెనకాలే ఆవిడ.

"నాన్నా, ఇవాళ తేలిపోవాలి. అమ్మని నాతో తీసుకెళ్తున్నాను. నీ సముద్రం పిచ్చికి మా అమ్మని బలిపెట్టలేను."

"పొద్దున్నే ఏమైంది అమ్మడూ?"

"ఏమీ కాలేదు. అయ్యేదాకా ఆగమంటావా? నొప్పొస్తే ఎవరు చూస్తారిక్కడ, చేపలా?"

"నేను లేనూ? నలభై నిమిషాల్లో ఆసుపత్రిలో పెడతాను."

ఈ నలభై నిమిషాల మాట రెండేళ్ళుగా ఫోన్లో వింటోంది కూతురు. మొహం ఎర్రబడింది.

"అయితే పద. ఇప్పుడే. అమ్మ వెనక పడుకుంటుంది, వాచీ నేను చూస్తాను. నలభై దాటి ఒక్క నిమిషమైనా ఇద్దరూ పెట్టెలు సర్దుకోవాలి."

"మీ పందెం కోసం పడుకోబెట్టడానికి నేనేమన్నా బస్తానా?" అంది ఆవిడ. ఒళ్ళు మండిపోతోంది ఆవిడకి. నా గుండె, నా నొప్పి, అరుచుకునేది మాత్రం వీళ్ళిద్దరూ. అయినా వెళ్ళి వెనక సీటు మీద పడుకుంది. సైరన్ మాట మీద ఆవిడకంత నమ్మకం. ఈ పిల్ల నోరు ఒక్కసారి మూయిస్తే చాలనుకుంది.

ఆయన వ్యాను తాళం చేతిలో పట్టుకుని క్షణం నిలబడ్డారు. తలుపు అంచు తడుముకుని ఎక్కారు.

ఐసు ఫ్యాక్టరీ దగ్గర రోడ్డుకు అడ్డంగా వలలు ఆరేసి ఉన్నాయి. హారన్ కొడితే జడుసుకోవడానికి వలలవాళ్ళు ట్రాఫిక్ దీపాలు కారు. తీరిగ్గా వచ్చి, తీరిగ్గా మడిచారు. ఊరు దాటేసరికే పన్నెండు నిమిషాలు. కూతురు పైకి చదివి వినిపించింది.

పడుకున్న ఆవిడకు వ్యాను పైకప్పూ, ఆయన మెడా తప్ప ఏమీ కనిపించడం లేదు. ఆ మెడ ముందుకు సాగి ఉంది. ఏదో గొణుగుతున్నారు. ఇంజను మోత మధ్య చెవి రిక్కించింది. "గతుకు ఒకటి... గతుకు రెండు... కుడి... వంతెన... ఇరవై లెక్కపెట్టి ఎడమ..." దేవుడా, ఈయన రోడ్డు చూడడం లేదు, అప్పజెప్తున్నారు అనుకుంది. సీటు అంచు గట్టిగా పట్టుకుంది.

ఇరవై అయింది. ఎడమకు తిప్పారు. చక్రాల కింద తారు పోయి మెత్తటి మట్టి వచ్చింది.

"నాన్నా, ఆపు. ఆపమంటున్నానా."

వ్యాను గుంజుకుని ఆగింది. మూరెడు దూరంలో ఉప్పుమడి నీళ్ళు తళతళలాడుతున్నాయి. అప్పుడు ఆయన చాలా మెల్లిగా అడిగారు.

"ముందేముంది అమ్మడూ?"

ఆవిడ లేచి కూర్చుంది. "ఎన్నాళ్ళ నుంచండీ?"

"ఏడాది పైనే. కళ్ళ శిబిరంలో డాక్టరు చెప్పాడు. కంటి వెనక పొర పాడైందట, చూపు ఇక రాదట. అంచులు కనిపిస్తాయి. మధ్యలో మసి."

"ఏడాదిగా ఈ కళ్ళతోనే నన్ను తిప్పుతున్నారా?"

"బజారు దాకానేగా."

కూతురు దిగి తలుపు ధడాల్న వేసింది. ఆయన్ని కిందికి దింపి ఎదురుగా నిలబెట్టింది. తాళం లాక్కుంది. "నువ్వు మనిషివేనా? దారిలో ఎవరన్నా అడ్డొస్తే? నీ మాట నెగ్గించుకోవడానికి మమ్మల్ని నీళ్ళలో ముంచేవాడివి. అంతా నీ ఇష్టమే. నీ ఇల్లు, నీ సముద్రం, నీ మొండితనం. అమ్మ ఏనాడన్నా నోరెత్తిందా? నీ వెంట ఈడ్చుకొచ్చావు."

ఆయన తల వంచుకుని వింటున్నారు. ఎండ నెత్తిన పడుతోంది. ఇప్పుడైనా చెప్తారేమోనని ఆవిడ ఎదురుచూసింది. చెప్పలేదు. చెప్పరు కూడా, ఆవిడకు తెలుసు.

"ఇంక చాలించవే," అంది ఆవిడ. "సముద్రం ఆయనది కాదు. నాది."

కూతురు వెనక్కి తిరిగింది.

"ఆసుపత్రి నేలమాళిగలో ముప్ఫై ఏళ్ళు దుప్పట్లు ఇస్త్రీ చేశాను. కిటికీ లేదు. బయట వానో ఎండో వచ్చేపోయేవాళ్ళ బట్టలు చూసి తెలుసుకునేదాన్ని. ఇక్కడికి రాకపోతే అన్నం ముట్టనని మంకుపట్టు పట్టింది నేను. ఆయన వద్దనే అన్నారు, డాక్టరు లేడన్నారు. ఇది నా కోరికని నీకు తెలిస్తే రానివ్వవని ఆయన పేరు చెప్పమంది కూడా నేనే."

"రెండేళ్ళుగా నేను ఫోన్లో ఆయన్ని నానా మాటలూ అంటుంటే నువ్వు పక్కనే ఉన్నావు."

"ఉన్నాను."

"విన్నావు."

"విన్నాను. ఆయన నవ్వేసేవారు. నవ్వుతున్నారుగా, పరవాలేదులే అనుకున్నా." అంటూ ఆవిడ ఆయన వైపు చూసింది. సొంత కూతురు చేత రెండేళ్ళు తిట్లు తినిపించి, తను ఒడ్డున కూర్చుని గాలి పీల్చుకుంది. "పదకొండు మాత్రలూ నేనే వేసుకున్నానే. తెలిస్తే తీసుకెళ్ళిపోతారని దాచాను."

ఆయన తల ఎత్తారు. అంతసేపూ కూతురి తిట్లకు చలించని మనిషి గొంతు చించుకున్నారు.

"పదకొండుసార్లా? నా పక్కనే ఉండి, పదకొండుసార్లు నొప్పి మింగి పడుకున్నావా? ఎన్ని వందలమందిని ఆసుపత్రికి చేర్చానే నేను. నీకు పనికిరానా?"

"మీరు మాత్రం కళ్ళు దాచలేదా?"

"దాచాను. నాకు కనపడదని తెలిస్తే ఈ ఊరు వదులుతావని దాచాను."

ఆవిడ వ్యాను మెట్టు మీద కూలబడి చీర చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. కూతురు వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, అలవాటుగా తల్లి నాడి పట్టుకుంది. వదల్లేదు.

"నీతో వస్తానే," అంది ఆవిడ చెంగులోంచి. "నువ్వు అరిచావని కాదు. నాకు నొప్పొస్తే ఈ మనిషి కనపడకపోయినా బండి తీస్తారు. ఆ పని ఆయన చేత చేయించలేను."

కూతురు తండ్రి వైపు చూసింది. "నాన్నా, నేనన్న మాటలన్నీ..."

"పోనీలే అమ్మడూ. ట్రాఫిక్‌లో ఇంతకన్నా పెద్ద తిట్లు తిన్నాను. నీవి ఇంకా నాటుగా లేవు. నేర్పిస్తానులే."

కూతురు నవ్వబోయి ఏడ్చింది. తండ్రి చెయ్యి పట్టుకుని వెనక సీట్లో తల్లి పక్కన కూర్చోబెట్టి, తను స్టీరింగు ముందుకెక్కింది. పెట్టెలు సర్దుకోవడానికి ఇంటివైపు తిప్పింది. వంతెన దాటాక కిటికీలోంచి ఉప్పు గాలి కొట్టింది.

"ఏముందే బయట?" అడిగారాయన.

"సముద్రం. ఇంకేముంటుంది." కోపం ఇంకా తీరలేదు ఆవిడకి.

కొంతదూరం పోయాక ఆవిడే ఆయన చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"పడవలున్నాయి," అంది. "ఏడు. ఒకటి నీలం రంగుది, ఒడ్డుకొస్తోంది."