సిగ్నల్ బాగా వచ్చే చోటు

ఉదయం పది నలభైకి బావ ఫోన్ నుంచి మెసేజ్ వచ్చింది: "వైఫై వచ్చింది. హమ్మయ్య!"

పది నలభై రెండుకి బావ లేడు. ఎదురు మేడ నుంచి వచ్చిన ఒకే ఒక్క బుల్లెట్ కిటికీ అద్దానికి కన్నం పెట్టి, ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న మనిషిని కుర్చీలోనే కూలదోసింది. పద్నాలుగేళ్ళు పేర్లు మార్చి, వేషాలు మార్చి, నాలుగు దేశాల పోలీసుల కళ్ళుగప్పి తిరిగిన సీక్రెట్ ఏజెంట్ ఆయన. ఆఖరికి ఆయన ప్రాణం తీసింది ఒక అప్‌డేట్!

ఆ మెసేజ్ అందుకున్న బావమరిదిని డిపార్ట్‌మెంట్‌లో అందరూ 'చాదస్తం' అంటారు. టెక్నికల్ వింగ్‌లో సీనియర్ ఏజెంట్. అప్‌డేట్‌తో పాటు వచ్చే నోట్స్ అక్షరం పొల్లుపోకుండా చదివితే గానీ 'ఓకే' నొక్కని మనిషి. ఆ ఉదయం అతని ఫోన్లో బావ నుంచి రెండు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. అప్పుడతను మీటింగ్‌లో ఉన్నాడు. కొత్త ప్రింటర్ ఎవరి గదిలో పెట్టాలన్న దాని మీద ఆ మీటింగ్!

ఫోనెత్తి ఉంటే బావ ఎప్పట్లాగే అనేవాడు: "బామ్మర్దీ, ఈ వైఫై మళ్ళీ చచ్చిందిరా." అతను చెప్పేవాడు. డివైస్ మేనేజర్ తెరువు, వైర్‌లెస్ అడాప్టర్ పట్టుకో, కొత్త డ్రైవర్ తీసేసి పాత డ్రైవర్‌కి వెనక్కి వెళ్ళు. డ్రైవరంటే వైఫై చిప్‌ని నడిపించే చిన్న ప్రోగ్రాం, అంతే. మూడు క్లిక్కుల పని. ఆ మూడు క్లిక్కులూ పదిరోజులుగా అతన్ని నిద్ర పోనివ్వలేదు. తనని తాను తిట్టుకున్నాడు, ప్రింటర్‌ని తిట్టాడు, ఆ తర్వాత పళ్ళు కొరుక్కుంటూ అసలు హంతకుల కోసం ఎదురుచూశాడు.

పదకొండో రోజు పెద్దాయన నుంచి పిలుపొచ్చింది. పెద్దాయనంటే చీఫ్. బట్టతల, పొడి మాటలు.

గది గుమ్మంలో ముందు సెంటు వాసన, వెనకాలే మనిషి ఎదురైంది. హెల్ప్‌డెస్క్ ఇన్‌చార్జ్. డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు 'అత్తరు'. పట్టుచీర, ముత్యాల దుద్దులు, తేనె పూసిన గొంతు. ఒకప్పుడు విదేశీ ముఠాలో పనిచేసి, వాళ్ళ కోడ్‌బుక్ ఎత్తుకొచ్చి మనవైపు చేరిన డబుల్ ఏజెంట్. అందుకే పెద్దాయనకి ఆవిడంటే గురి.

"మనవాడు పోయాడని విన్నప్పట్నుంచీ నాకు ముద్ద దిగట్లేదండీ," అంది, కళ్ళు తుడుచుకుంటూ. కాటుక చెదరలేదు.

లోపల పెద్దాయన ఎదురుగా అక్క కూర్చుని ఉంది. రికార్డు సెక్షన్లో టైపిస్టు. ఊరికి ఆ చివరి ఆఫీసు. ఆవిడ ఎవరి భార్యో, ఎవరి అక్కో పెద్దాయనకి తప్ప ఎవరికీ తెలియదు. ఏజెంట్ల కుటుంబాల వివరాలు అంత గుట్టుగా ఉంచుతారు.

"రెండు నెలల్లో ముగ్గురు," పెద్దాయన మొదలుపెట్టాడు. "ఒకటే వరస. అప్‌డేట్. వైఫై మాయం. హెల్ప్‌డెస్క్‌కి ఫోన్. టెక్నీషియన్ రాక. బుల్లెట్."

"టెక్నీషియన్ ఎవరు సార్?"

"బయటి కంపెనీవాడు. ముఠాలో వాణ్ని 'డాక్టర్' అంటారు. మన అప్‌డేట్‌లోకి చెడ్డ డ్రైవర్ దూర్చేదీ వాళ్ళే, బాగుచేయడానికి వచ్చేదీ వాళ్ళే. డాక్టర్ వేసే కొత్త డ్రైవర్, ల్యాప్‌టాప్ ఏ గదిలో ఉందో, దాని ముందు మనిషి ఎప్పుడు కూర్చున్నాడో ఎదురింట్లో ఉన్న షూటర్‌కి చెప్తుంది."

"వాణ్ని మెడబట్టి లాక్కొస్తే పోలా?"

"షూటర్ పారిపోతాడు. వాడెవడో, ఎక్కడుంటాడో డాక్టర్ ఫోన్లోనే తెలుస్తుంది. నాకు ఆ ఫోన్ కావాలి. షూటర్ కావాలి. నువ్వే ఎర."

"నాకు ఇంకొకరు కావాలి," అంది అక్క.

ఇద్దరూ తిరిగి చూశారు. అక్క ఏడవడం లేదు.

"ఆయన కిటికీ దగ్గర కూర్చునే మనిషి కాదండీ. ఇంట్లో భోజనానికి కూడా గోడకి వీపు ఆనించే కూర్చునేవారు. కిటికీకి ఎదురుగా కూర్చోవద్దని నన్ను తిట్టేవారు. అలాంటిది ఆ రోజు వెళ్ళి వెళ్ళి అక్కడ ఎందుకు కూర్చున్నారు? ఎవరో కూర్చోబెట్టారు. ఆ నోరు ఎవరిదో నాకు తెలియాలి. నన్ను హెల్ప్‌డెస్క్‌లో వేయండి. కాల్స్ అన్నీ వింటాను."

"అక్కా, నీకెందుకు ఇదంతా? నేను చూసుకుంటాగా."

"నువ్వు చూసుకో. నేను వింటాను."

మర్నాడు ఉదయం పదింటికి, ఒక టైలర్ షాపు పైన అద్దెగదిలో, రిటైరైన డ్రాయింగ్ మాస్టారు ఒకాయన కూర్చుని ఉన్నాడు. తెల్ల గడ్డం, వణికే చెయ్యి, చెవిలో వినికిడి మిషను. ఆ మిషనులో వినిపించేది మాత్రం వీధి చివర వ్యానులో ఉన్న ఇద్దరు ఏజెంట్ల గొంతులు. ఎక్కడికెళ్ళినా కలిసే తిరుగుతారని వాళ్ళని 'కవలలు' అంటారు.

ల్యాప్‌టాప్‌లో కేబుల్ పెట్టే పోర్టు కింద, ఆ వేషంలో ఉన్న చాదస్తం గోరంత చిప్ ఒకటి అతికించాడు. దానికి సొంత బ్యాటరీ ఉంది. ఏ ఫోన్ తగిలించినా లోపలి సరుకంతా వ్యానుకి పంపిస్తుంది. ఒకటే చిక్కు: ఫోన్ యజమాని తనంతట తాను ఒప్పుకోవాలి.

అప్‌డేట్ నొక్కాడు. చెడ్డదని తెలిసి తెలిసి ఒక డ్రైవర్‌ని చేతులారా వేసుకోవడం జన్మలో అదే మొదలు, ఒళ్ళంతా గొంగళిపురుగు పాకినట్టయింది. స్క్రీన్ మూల వైఫై గుర్తు మాయమైంది. హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేశాడు.

"వాన ఎప్పుడు తగ్గుతుందమ్మా?" ముసలి గొంతుతో కోడ్ చెప్పాడు.

"గొడుగున్నవాళ్ళకి ఎప్పుడో తగ్గింది," అత్తరు గొంతు. "ఏజెంట్ సెవెంటీన్, చెప్పండి సార్."

"వైఫై చచ్చిందమ్మా."

"అయ్యో! పది నిమిషాల్లో మనిషి వస్తాడు సార్. ఏమీ కంగారుపడకండి."

నిజంగానే పది నిమిషాల్లో వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల, తోలు బ్యాగు. బావ కీబోర్డు మీద నడిచిన వేళ్ళు ఇవే. ఆ వేళ్ళని ఒక్కొక్కటే వెనక్కి విరిచేయాలన్నంత కసి పుట్టింది చాదస్తానికి. చెయ్యి ఇంకాస్త వణికించి కుర్చీ చూపించాడు.

డాక్టర్ డివైస్ మేనేజర్ తెరిచాడు. అడాప్టర్ పక్కన పసుపు త్రికోణం. "డ్రైవర్ పాడైంది మాస్టారూ. కొత్తది దించుకోవాలి. నెట్ లేదు కదా, నా ఫోన్ నుంచి ఇస్తాను."

కేబుల్ తీసి ఫోన్‌ని ల్యాప్‌టాప్‌కి తగిలించాడు. ఫోన్ మీద ప్రశ్న వెలిగింది: 'ఈ కంప్యూటర్‌ని నమ్మాలా?'

చాదస్తం ఊపిరి బిగబట్టాడు.

డాక్టర్ అటు చూడనైనా చూడలేదు. "ఎండలు బాగా ముదిరాయండీ," అంటూ బొటనవేలితో 'నమ్ము' నొక్కేశాడు. వైఫై చచ్చిన ప్రతి ఇంట్లోనూ అదే ప్రశ్న, అదే నొక్కుడు. ఎదుటివాళ్ళ నమ్మకం మీద బతికేవాడికి, తానెవర్ని నమ్ముతున్నాడో చదివే తీరిక లేకపోయింది.

"నాలుగు శాతం," అంది చెవిలో గొంతు.

డ్రైవర్ నిమిషంలో దిగింది. చెవిలో లెక్క ఇంకా ఇరవై దాటలేదు.

"అయిపోయింది మాస్టారూ. వైఫై వచ్చేసింది, చూడండి. ఇక సెలవు." చెయ్యి కేబుల్ వైపు వెళ్ళింది.

"ఆగు బాబూ. రీస్టార్ట్ చేసి చూపించు."

"అక్కర్లేదండీ."

"నీకు అక్కర్లేదు, నాకు కావాలి. పోయినసారి వచ్చినాయన వెళ్ళీ వెళ్ళగానే మళ్ళీ పోయింది. చూడందే సంతకం పెట్టను."

డాక్టర్ విసుగు మింగి రీస్టార్ట్ నొక్కాడు. నీలం తెర వచ్చింది: 'అప్‌డేట్లు పూర్తవుతున్నాయి. 9%. దయచేసి కంప్యూటర్ ఆపవద్దు.'

"దీని దుంపతెగ!" అన్నాడు డాక్టర్.

మళ్ళీ కేబుల్ వైపు చెయ్యి చాపాడు. "అయ్యయ్యో, తీయకు!" చాదస్తం ఇంచుమించు అరిచాడు. "మధ్యలో నెట్ ఆగితే మొత్తం మొదటికొస్తుంది. నువ్వేసిన డ్రైవర్ కూడా పోతుంది."

అది ఉత్తి అబద్ధం. కానీ పోతుందన్న మాట డాక్టర్ గుండెలో గుచ్చుకుంది. ఆ డ్రైవర్ పోతే ఎదురింట్లో మనిషికి కళ్ళు పోయినట్టే. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. హంతకుడూ, ఎరా పక్కపక్కన కూర్చుని ఒకే తెర చూశారు. ఒకడు తెర మీది అంకెలు లెక్కపెడుతున్నాడు, ఇంకొకడు చెవిలోవి. తెర మీద నలభై. చెవిలో యాభై మూడు. తెర మీద డెబ్బై. చెవిలో డెబ్బై ఎనిమిది. అప్‌డేట్ ఆలస్యమవుతున్నందుకు చాదస్తం సంతోషించడం కూడా జన్మలో అదే మొదలు.

"నూరు. మొత్తం వచ్చేసింది," అంది చెవిలో గొంతు. మరుక్షణం తెర వెలిగింది.

సంతకం చేయించుకుని డాక్టర్ మెట్లు దిగాడు. కింద టైలర్ కొలతలు తీస్తానంటూ దగ్గరికొచ్చి టేపుతో రెండు చేతులూ వెనక్కి కట్టేశాడు. ఆయన కూడా డిపార్ట్‌మెంట్ మనిషే.

"షూటర్ ఎక్కడున్నాడో ఫోన్లో దొరికింది," కవలల్లో ఒకడు పరిగెడుతూ చెప్తున్నాడు. "ఎదురు బిల్డింగ్, నాలుగో అంతస్తు. లిఫ్ట్ పనిచేయట్లేదు. మెట్లెక్కుతున్నాం. రెండు నిమిషాలు. నువ్వు గోడ దగ్గరే ఉండు."

అప్పుడే ఫోన్ మోగింది.

"హెల్ప్‌డెస్క్ నుంచి సార్. వైఫై వచ్చిందా?" అత్తరు.

"వచ్చిందమ్మా, చల్లగా ఉండు. రెండు గీతలే చూపిస్తోంది."

"ఎక్కడ కూర్చున్నారు సార్?"

"గోడ పక్కన."

"అదీ సంగతి! గోడ దగ్గర సిగ్నల్ అందదు సార్. ల్యాప్‌టాప్ తీసుకుని కిటికీ దగ్గరికి జరగండి. అక్కడ బాగా వస్తుంది."

పదకొండు రోజులుగా అక్క అడుగుతున్న ప్రశ్నకి జవాబు అంత మెత్తగా, అంత మర్యాదగా చెవిలో పడింది. బావ కూడా ఇలాగే 'సరేనమ్మా' అని ఉంటాడు. తనకి సాయం చేస్తున్న మనిషి చెప్పింది కదా అని లేచి ఉంటాడు. ఫోన్లోంచి చెయ్యి పెట్టి ఆ గొంతు నులిమేయాలనిపించింది.

"మూడో అంతస్తు," చెవిలో రొప్పు. "పైన పెట్టె చప్పుడవుతోంది, వాడు తుపాకి సర్దేస్తున్నట్టున్నాడు. ఎవరూ కనపడట్లేదని డాబా మీంచి వెళ్ళిపోయేలా ఉన్నాడు."

వెళ్ళిపోతే ఇంకెప్పటికీ దొరకడు. చాదస్తం టేబుల్‌ని కిటికీ దగ్గరికి లాగాడు.

"కూర్చున్నారా సార్?"

"కుర్చీ తెచ్చుకోవద్దా తల్లీ? మోకాళ్ళ నొప్పులు."

ఎదురు మేడ మీద పరదా కదిలింది. కుర్చీ వేసుకున్నాడు. కూర్చున్నాడు. వెన్నులో వణుకు ఈసారి వేషం కాదు.

"కూర్చున్నానమ్మా."

"స్క్రీన్ కేసి కదలకుండా చూడండి సార్. నాలుగు గీతలు వచ్చాయా?"

"ఒకటి... రెండు... మూడు..."

ఎదుటి మేడలో తలుపు బద్దలైన చప్పుడూ తుపాకి చప్పుడూ ఒకేసారి వినిపించాయి. ల్యాప్‌టాప్ తెర చిల్లుపడి చాదస్తం ఒళ్ళో పడింది. బుల్లెట్ గడ్డానికి జానెడు దూరంలోంచి పోయింది.

"పట్టుకున్నాం!" చెవిలో అరుపు. "వాడు బతికే ఉన్నాడు!"

ఫోన్లో అత్తరుకీ ఆ చప్పుడు వినపడింది. "సార్?" అంది. "సార్?" ఇంకోసారి అంది, మొదటిదానికన్నా హుషారుగా.

"లైన్లోనే ఉన్నాను," అన్నాడు చాదస్తం తన సొంత గొంతుతో. "మా బావని కూడా ఇలాగే జరగమన్నావా?"

"ఎవ... ఎవరు మీ బావ?"

"నీ ఎడమపక్క హెడ్‌సెట్ పెట్టుకుని ఒకావిడ కూర్చుని ఉంటుంది. అడుగు, చెప్తుంది."

కుర్చీ వెనక్కి జరిగిన శబ్దం. తర్వాత అక్క గొంతు, తొందర లేకుండా: "ఆయన భార్యని."

చెంప పగిలిన చప్పుడు వీధి అవతలి దాకా వినిపించి ఉండాలి.

"ఇది నా మొగుడికి," అంది అక్క. ఇంకొకటి పేలింది. "ఇది రెండోవాడి పెళ్ళానికి." ఇంకొకటి. "ఇది మూడోవాడి తల్లికి. కొడుకు రిటైరై ఇంటికొస్తాడని గదికి సున్నం వేయించుకుంది ఆ మనిషి, తెలుసా నీకు? ఇప్పుడు చెప్పవే, ఎక్కడ కూర్చోమంటావు నన్ను?"

ముత్యాలు నేల మీద దొర్లుతున్న శబ్దం. పెద్దాయన పరిగెత్తుకొచ్చిన అడుగులు. "అమ్మా, చాలు, చాలమ్మా! దీన్ని ఇంకా బోలెడు ప్రశ్నలు అడగాలి!"

"నోటి జోలికి పోలేదు లెండి. ఇక అడగండి," అంది అక్క. ఆ తర్వాత ఫోన్‌కి దగ్గరగా వచ్చి, ఇన్ని రోజుల్లో మొదటిసారి ఏడుపు గొంతుతో, "తమ్ముడూ, నీకేం కాలేదుగా?" అంది.

"ఏం కాలేదక్కా. ఏం కాలేదు." అతను గడ్డం ఊడబెరికి అందులోనే మొహం తుడుచుకున్నాడు. ఆ రెండు మిస్డ్ కాల్స్ ఇంకా ఫోన్లోనే ఉన్నాయి. వాటికి ఎవర్ని పట్టుకున్నా జవాబు రాదని అతనికి తెలుసు. అయినా పదకొండు రోజుల తర్వాత గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

అక్క రిసీవర్ పెట్టేసింది. లైన్ మాత్రం తెగలేదు. రికార్డు గొంతు ఒకటి తీరిగ్గా మొదలుపెట్టింది: "హెల్ప్‌డెస్క్‌ని సంప్రదించినందుకు ధన్యవాదాలు. ఈరోజు మా సిబ్బంది అందించిన సేవకి ఒకటి నుంచి ఐదు వరకు మార్కులు వేయండి."

చాదస్తం చివరి ముక్క దాకా ఓపిగ్గా విని, ఐదు నొక్కాడు.