గంజి పెట్టిన రెక్క

అంగుళానికి యాభై ఎనిమిది పోగులు. నూకరత్నం భూతద్దం జరిపి మళ్ళీ లెక్కపెట్టింది. యాభై ఎనిమిదే.

“పడుగు మూలసమం,” అంది గాలిలోకి చూస్తూ.

“నమోదైంది. పేక చూడండి,” అంది నిర్ణేత.

నిర్ణేతకి ముఖం లేదు. కొత్త ఉప్పాడ ఇసుకబయలు చుట్టూ నాటిన ముప్ఫై స్తంభాల్లో దేన్నుంచైనా మాట్లాడుతుంది. దాని పని ఒక్కటే, లోకంలో మొట్టమొదట ఎగిరిన మనిషెవరో తేల్చడం. పాతకాలంలో ఈ విషయం మీద జరగని తగాదా లేదు. ఒకాయన లేచాడు గానీ పక్కకి తిప్పలేకపోయాడు. ఒకాయన తిప్పాడు గానీ కొండ మీంచి దూకాడు. ఇంకొకాయన అన్నీ చేశాడంటారు గానీ చూసినవాళ్ళు లేరు. చూసినవాళ్ళున్న చోట ఒకరి మాట ఒకరికి పొసగక, ఆ మాటలు చెల్లవన్నారు. లెక్కల్లో తేల్చబోతే ఒక్కో లెక్కకి ఒక్కో జవాబొచ్చింది. చివరికి ఆ యంత్రాలన్నీ అచ్చం అలాగే, మూలసమంగా కట్టి, మనిషిని ఎక్కించి, మళ్ళీ వదిలి చూడాలన్నారు. ఎగిరినవి ఎగరాలి, పడ్డవి పడాలి. తేలిన వరస స్తంభాల మీద తొలిపట్టికలో వెలుగుతుంది. పడేవాటికి పునఃపతనం అని చక్కటి పేరు కూడా పెట్టారు. పేరు పెట్టినవాళ్ళెవరూ ఎక్కలేదు లెండి.

ఇవాళ్టిది నలభై ఒకటో యంత్రం. దాన్ని కట్టినాయన పేరు కూడా మిగల్లేదు. ఏదో చలిదేశపు పత్రికలో, మిగతా అందరికంటే ముందు తేదీతో, నాలుగు వాక్యాలున్నాయి. కర్రల కొలతలు, బట్ట నేత, ఆ బట్టని భార్య ఉతికి కుట్టి ఇచ్చిందన్న మాట, పంతొమ్మిది మీటర్లు వెళ్ళి పడి నడుం విరగ్గొట్టుకున్నాడన్న మాట. పోగుల సందుల్లోంచి గాలి కారిపోవడం వల్లే పడ్డాడని నిర్ణేత తేల్చింది.

ఇవాళ ఎక్కేది వరహాలు, నూకరత్నం ఆడపడుచు. పోయిన నెల ముప్ఫై తొమ్మిదో దాన్ని ఎక్కినతను ఇంకా మంచం దిగలేదు. అయినా పిల్ల పొద్దున్నించీ పెళ్ళికి తయారైనట్టు తిరుగుతోంది.

“వదినా, ఇంకెంతసేపు? ఎండెక్కిపోతుంది,” అంది రెక్క కిందనుంచి, చట్రంలో భుజాలు దూర్చి పట్టీ బిగించుకుంటూ.

“ఆగవే తల్లీ, పడ్డానికి కూడా తొందరేనా?”

నూకరత్నం పేక చూడ్డానికి రెక్క మీద బొటనవేలు ఆనించింది. టప్‌మని మోగింది. మోగకూడదు. ఉత్త ఉతుకుబట్ట మెత్తగా లోపలికి వాలాలి. మళ్ళీ నొక్కింది. మళ్ళీ టప్.

నిన్న ఇంట్లో ఈ బట్ట ఉతికాక తను ఏం చేసింది? పిండింది. పొయ్యి మీది అన్నం వార్చింది. వార్చిన గంజి... అయ్యో రామ! చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ముత్తవ్వ కాలం నుంచీ మగ్గం ఉన్న ఇల్లు. ఉతికిన నూలుగుడ్డని గంజిలో ముంచకుండా ఆరేయడం ఆమె పుట్టి బుద్ధెరిగాక చేయలేదు. ఇప్పుడు పోగుల సందులన్నీ పూడుకుపోయాయి.

“వస్త్రం మూలసమమేనా?” అంది నిర్ణేత.

కాదంటే బట్ట మారుస్తారు, సాయంత్రం వరహాలు గాలి కారే రెక్కతో ఎక్కుతుంది. అవునంటే అబద్ధం. ఈ బట్టలు సరిచూసే ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఒక్క పోగు తప్పు చెప్పలేదు. కింద పిల్ల కాళ్ళూపుతూ ఏదో కూనిరాగం తీస్తోంది.

“సమం,” అంది నూకరత్నం. ఆ గొంతు తనదేనా అనిపించింది.

యంత్రాన్ని పట్టి ఉంచిన కొక్కెం ఊడింది. యంత్రం ఇసుకదిబ్బ వాలు మీద పరిగెత్తి లేచింది. పంతొమ్మిది మీటర్లు దాటింది. యాభై దాటింది. వరహాలు నడుం ఎటు వంచితే రెక్క అటు ఒరిగింది. సముద్రం అంచుదాకా వెళ్ళి, తిరిగి, తడి ఇసుకలో మోకాళ్ళ మీద దిగింది.

“రెండు వందల పన్నెండు మీటర్లు. తొలిపట్టిక మారుతోంది. మొదటి స్థానం, నలభై ఒకటి,” అంది నిర్ణేత. “మూలకర్త పడ్డాడు. ఈ ఆరోహకురాలు పడలేదు. తేడా ఎక్కడ?”

నూకరత్నం దాచలేకపోయింది. “గంజి పెట్టాను.”

“అయితే మూలసమం కాదు. ఫలితం రద్దు. గంజి లేని వస్త్రంతో రేపు పునఃపతనం. అదే ఆరోహకురాలు.”

వరహాలు ఆయాసపడుతూ పరిగెత్తుకొచ్చి వదిన చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. నూకరత్నానికి ఉన్నట్టుండి ఒక సందేహమొచ్చింది.

“ఆయన బట్ట ఉతికింది భార్యే కదా. ఆవిడ గంజి పెట్టలేదని ఎక్కడ రాసుంది?”

“రాసి లేదు.”

“పెట్టిందని?”

“అదీ రాసి లేదు. రాయనిది జరగలేదని నియమం.”

“ఏం నియమమయ్యా అది! ఇంట్లో ఆడవాళ్ళు చేసిన పని ఎవడు రాశాడు గనక?”

“గంజి ఉంటే మూలకర్త ఎందుకు పడ్డాడు?”

“ఏమో. మంచుకి మెత్తబడిందేమో. పెట్టలేదేమో. పెట్టిందేమో!” నిజంగానే ఆమెకి బుర్ర తిరిగిపోతోంది. ఇందాక చెప్పింది అబద్ధమో నిజమో కూడా ఇప్పుడు తెలియడం లేదు.

“నమోదుకి జవాబు కావాలి. సమమా, కాదా?”

కాదంటే రేపు పిల్ల ఎక్కాలి. సమమంటే ఎవరికీ తెలియనిది తెలుసన్నట్టవుతుంది. నూకరత్నం కొంగుతో ముఖం తుడుచుకుంది.

“తెలీదు. అదే రాసుకో.”

“తెలీదు అనే జవాబు పట్టికలో లేదు.”

“నేను చెప్పేది అదే. ఎన్నిసార్లడిగినా అదే.”

ముప్ఫై స్తంభాలూ ఒకేసారి గుయ్యిమన్నాయి. నిర్ణేత వెనక్కి వెళ్ళి మిగతా నలభై యంత్రాల రాతలూ తిరగేసింది. ఎవరు ఉతికారు, ఎవరు కుట్టారు, తాడు ఎవరు ముడేశారు, ఆ పూట గాలి తడిగా ఉందా... ఎక్కడా రాసి లేదు. తొలిపట్టికలో పేర్లు ఒక్కొక్కటే ఆరిపోయాయి. మొదటి స్థానం ఖాళీ. రెండో స్థానం ఖాళీ.

“పునఃపతనాలన్నీ నిలిపివేయబడ్డాయి,” అంది నిర్ణేత. ఆ మాటలో తడబాటు వినడం నూకరత్నానికి ఇదే మొదటిసారి. హమ్మయ్య అనుకుని ఇసుకలో కూలబడింది.

వరహాలుకి మాత్రం ఏడుపొచ్చేసింది. “అదేంటొదినా, నా రెండొందల మీటర్లు కూడా కొట్టేశారా? మరి నేను ఎగిరానా, లేదా?”

“ఎగిరావే. నా కళ్ళతో చూశాను.”

చూసినవాళ్ళ మాట చెల్లదని చెప్పాల్సిన నిర్ణేత, “నమోదైంది,” అంది.