జమీలాకు ఏ తుపాకీ నచ్చలేదు

తెల్లారి నమాజు ముగిసినా సౌదీలోని అభా కొండల మీది మబ్బు ఇంకా కిటికీలను వదల్లేదు. వంటింట్లో మహబూబ్బీ యాలకులు దంచి గహ్వా కాఫీలో వేసి, ఖర్జూరాల పళ్లెం సర్దుతోంది. అంత పెద్ద ఇంట్లో ఉండే మనుషులు ఇద్దరే. ఒకరు డెబ్బై దాటిన యజమానురాలు జమీలా, మరొకరు రాయచోటి నుంచి వచ్చిన పనిమనిషి మహబూబ్బీ. మిగతా గదులన్నిట్లో కాపురం ఉండేది దుమ్మే.

జమీలాను మహబూబ్బీ "మామా" అంటుంది. ఇక్కడి ఇళ్లలో యజమానురాలిని అలాగే, ఇంటి మగవాళ్లను "బాబా" అని పిలవాలి. మహబూబ్బీ మాట్లాడేది వచ్చీరాని అరబ్బీ. దాన్ని ఉన్నదున్నట్టు రాస్తే మనకు ఒక్క ముక్క అర్థం కాదు కాబట్టి, ఆమె మనసులో అనుకున్న రాయచోటి మాటల్లోనే చెప్పుకుందాం.

"ఇవాళ గురువారం కదూ" అంది జమీలా గిన్నె అందుకుంటూ. నిన్న పెట్టించుకున్న గోరింటాకు వేళ్ల మీద ఎర్రగా పండింది. "సాయంత్రం ఫహద్ వస్తాడు. కొట్టుకు వెళ్లాలి."

"మళ్లా తుపాకీల కొట్టుకేనా మామా?"

"మళ్లీ అక్కడికే. నాకు నప్పేది దొరకొద్దూ?"

"నప్పేదానికి అదేమన్నా గాజులజతనా?"

జమీలా నవ్వింది. ఈ నెలరోజుల్లో ఆమె నవ్వినంతగా అంతకుముందు ఏడాదిలో నవ్వలేదు. మహబూబ్బీకి మాత్రం నవ్వు రాలేదు.

అసలు సంగతి ఇదీ. నెల కిందట ఓ మధ్యాహ్నం ఊరంతా కునుకు తీస్తున్న వేళ, మిద్దెమీద ధబ్బున చప్పుడైంది. మహబూబ్బీ చీపురు పట్టుకొని పైకి పరిగెత్తింది. పిట్టగోడ మీద కూర్చొని ఉంది ఓ పెద్ద కోతి. ఎండబెట్టిన రొట్టెలను చంకలో పెట్టుకొని, అల్లుడిలా దర్జాగా ఒకసారి ఆమెవైపు చూసి, వెనక సందులోకి దూకి పోయింది. ఈ కొండల్లో కోతులు ఇళ్లమీద పడడం మామూలే. ఆ మాట చెబుదామని ఆమె కిందికి వచ్చేసరికి జమీలా చేతిలో ఫోనుంది.

"ఫహద్, ఇంట్లోకి ఎవడో దూకాడురా. మగమనిషి."

కొడుకు ఫహద్ ఉండేది పక్క ఊరు ఖమీస్ ముషైత్‌లో. కారెక్కితే అరగంట. పండగకు వచ్చి వెళ్లినవాడు మళ్లీ ఈ గడప తొక్కలేదు. ఎప్పుడు ఫోను చేసినా పని, పిల్లల పరీక్షలు, భార్యకు నలత. అలాంటివాడు ఆ రోజు అరగంట కూడా పట్టకుండా వచ్చి వాలాడు.

"కోతి మామా. నా కండ్లతో నేను సూసినా" అంది మహబూబ్బీ అతను వచ్చేలోపు.

"నువ్వు చూసింది నీలోనే ఉంచుకో" అంది జమీలా.

ఇలాంటి ఇళ్లలో పనిచేసేవాళ్లు మొదట నేర్చుకునే పాఠం ఒకటే. మామా పగలును రాత్రి అంటే దీపం వెలిగించాలి. మహబూబ్బీ దీపం వెలిగించింది. చేసిన తప్పల్లా అదే.

తల్లి ఒంటరిగా ఉంటోంది, ఆత్మరక్షణకు ఇంట్లో ఓ పిస్తోలు ఉండాలన్నాడు ఫహద్. లైసెన్సు పని తాను చూసుకుంటానన్నాడు. ఆ వారం నుంచి ప్రతి గురువారం ముగ్గురూ కారులో బజారుకు వెళ్లారు. అద్దాల బల్లకింద నల్లగా, వెండిరంగులో వరసగా పడుకున్న తుపాకులను కొట్టువాడు ఒక్కోటీ గుళ్లు లేకుండా ఖాళీ చేసి చూపించి జమీలా చేతికిచ్చేవాడు. మొదటిది చాలా బరువన్నది. తేలికపాటిది ఇస్తే, "చిన్నది పేలితే చేతిని ఎక్కువ తంతుందట కదా, నువ్వే అన్నావు" అని వాడి మాట వాడికే అప్పజెప్పింది. ఇంకోదాని పైభాగం వెనక్కి లాగడానికి కీళ్లనొప్పుల వేళ్లు సహకరించలేదు. లాగే పనిలేని రివాల్వర్ తెస్తే ట్రిగ్గర్ బిగువుగా ఉందన్నది.

"తొందరేముందిలే. వచ్చేవారం ఇంకోటి చూద్దాం."

కొట్టు నుంచి ఫహద్ వాళ్లను అల్ సౌదా కొండ మీదికి తీసుకువెళ్లేవాడు. కాల్చిన మొక్కజొన్న కొని గింజలు ఒలిచి తల్లికి ఇచ్చేవాడు. చిన్నప్పుడు అతను గొర్రెపిల్లను పక్కలో వేసుకొని పడుకున్న కథ జమీలా ప్రతిసారీ చెప్పేది, అతను ప్రతిసారీ సిగ్గుపడేవాడు. వెనక సీట్లో మహబూబ్బీకి కూడా ఆ గాలి, ఆ మాటలు బాగుండేవి. మనుషులు మాట్లాడుకుంటుంటే వినడం కూడా ఓ భాగ్యమే, దూరదేశంలో.

కానీ పోయిన వారం కొట్టులో ఫహద్ ఓ మాటన్నాడు. "తుపాకీ పెట్టే ఇనప్పెట్టె తాళం నీ దిండు కింద పెట్టుకోమ్మా. ఈమెకు తెలియనివ్వకు." పక్కనే నిలబడ్డ ఈమెకు అంత అరబ్బీ రాదనుకున్నాడు. మహబూబ్బీకి అర్థమైంది. దొంగ కోసం కొంటున్న తుపాకీ అని ఇన్నాళ్లూ అనుకుంది. ఇంట్లో ఉండే రెండో మనిషి తానే కదా.

గహ్వా గిన్నెలు కడుగుతుండగా కూతురు ఆశా ఫోను చేసింది. రాయచోటిలో పిన్నమ్మ దగ్గర ఉండి చదువుకుంటోంది.

"ఎట్లుండావు మా?"

"బాగుండా. నువ్వు తిన్న్యావా?"

"తిన్న్యా. అదేంది, గొంతు అట్లుంది?"

"ఈడ సలి నాయనా. కాలేజీకి పో, పొద్దుపోతాంది" అని పెట్టేసింది. బాగున్నా అని చెప్పడం అలవాటైపోయి, బాగాలేనప్పుడు ఏం చెప్పాలో ఆమె ఎప్పుడో మరచిపోయింది.

సాయంత్రం రావాల్సిన కారు ఆ పొద్దుటే వాకిట్లో ఆగింది. ఫహద్ మొహం గంటు పెట్టుకొని లోపలికి వచ్చాడు. తల్లి నుదుటిమీద ముద్దుపెట్టి, కూర్చోకుండానే అన్నాడు.

"తుపాకీ వద్దమ్మా. నాకు ఇప్పుడు తెలిసొచ్చింది. తలుపు విరగలేదు, తాళం పగల్లేదు. పగటిపూట నిబ్బరంగా వచ్చి పోయాడంటే లోపలివాళ్లు రమ్మంటేనే వచ్చాడు."

జమీలా చేతిలోని జపమాల ఆగింది. "లోపలివాళ్లు అంటే?"

"ఈ ఇంట్లో నువ్వు కాక ఇంకెవరున్నారు?" అని మహబూబ్బీ వైపు తిరిగాడు. "నీ ఫోను ఇటివ్వు. ఎవడు వాడు?"

మహబూబ్బీ తడిచేతులతోనే ఫోను ఇచ్చింది. అందులో ఆశా, చెల్లెలు, ఈ ఇంటివాళ్లు తప్ప మరో పేరు లేదు. అదీ అతనికి అనుమానమే అయింది.

"అన్నీ తుడిచేశావా? పోనీలే. నిన్ను తెచ్చిన ఆఫీసుతో మాట్లాడాను. వేరే మనిషిని పంపుతున్నారు. బట్టలు సర్దుకో. పోలీసులకు చెప్పకుండా వదిలేస్తున్నానంటే అమ్మకు ఇన్నాళ్లు చేశావని."

మగవాణ్ణి ఇంట్లోకి రానిచ్చిందన్న పేరు. ఆ పేరుతో ఇక్కడ ఇంకో ఇల్లు దొరకదు. ఊళ్లో ఆశా పెళ్లినాటికి కూడా ఆ పేరు చావదు.

"అది కోతి బాబా. రొట్టెలు ఎత్తుకపోయింది. అల్లా తోడు" అంది మహబూబ్బీ.

"కోతా? నెలరోజులుగా నోరు కుట్టేసుకొని కూర్చొని, ఇవాళ పీకలమీదికి వచ్చాక కోతా?"

దానికి ఆమె దగ్గర జవాబుంది. ఆ జవాబు సోఫాలో కూర్చొని నేలచూపులు చూస్తోంది. మహబూబ్బీ మామావైపు చూసింది. అడగలేదు, చూసింది అంతే. జమీలా తలెత్తలేదు.

మహబూబ్బీ తన గదిలోకి వెళ్లి మంచం కిందనుంచి పెట్టె లాగింది. ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఈ ముసలామెకు తలంటింది, కాళ్లు పిసికింది, జ్వరమొస్తే రాత్రంతా కుర్చీలో కూర్చుంది. ఒక్క మాట చెప్పడానికి అంత కష్టమొచ్చిందా?

హాల్లోంచి జమీలా గొంతు వినబడింది.

"ఫహద్, అది కోతే."

"నువ్వు ఆమెను కాపాడాలని చూడకమ్మా."

"నేను కిటికీలోంచి చూశాను. రొట్టెలు పట్టుకొని సందులోకి దూకింది. నీకు ఫోను చేసేటప్పటికే నాకు తెలుసు."

"మరి మనిషని ఎందుకు చెప్పావు?"

"కోతి వచ్చిందంటే నువ్వు వస్తావా?"

ఫహద్ చేతిలో ఉన్న మహబూబ్బీ ఫోనును బల్లమీద పెట్టేశాడు.

"కాళ్లనొప్పి అంటే డాక్టరు నంబరు పంపావు. నిద్ర పట్టట్లేదంటే మాత్రలు పంపావు. తోచట్లేదంటే ఇంత పెద్ద టీవీ పంపావు. దొంగ అంటే నువ్వే వచ్చావు. ఒకటి కొనేస్తే రావడం మానేస్తావని ఏదీ నచ్చలేదన్నాను. ఆ కొట్లో తుపాకులన్నీ మంచివేరా. నాకు వాటిని ముట్టుకుంటేనే భయం."

ఫహద్ కిందికి జారి, తల్లి కాళ్ల దగ్గర తివాచీ మీద కూర్చున్నాడు. అంత పొడుగు మనిషి ఆమె ఒళ్లో మొహం పెట్టుకుంటే, జమీలా ఆ తల నిమిరింది. చాలాసేపటికి అతను లేచి మహబూబ్బీ గది గుమ్మం దాకా వచ్చాడు. లోపలికి చూడలేక నేలను చూస్తూ, "తప్పయింది సోదరీ. పెట్టె లోపల పెట్టు" అన్నాడు. ఆఫీసుకు ఫోను చేసి మనిషి అక్కర్లేదని చెప్పాడు. తల్లితో వచ్చే గురువారం వస్తానని చెప్పి వెళ్లాడు.

ఇల్లు మళ్లీ మామూలు ఇల్లయింది. జమీలా గోడ పట్టుకొని మెల్లగా వచ్చి మహబూబ్బీ మంచం మీద కూర్చుంది. ఇన్నేళ్లలో ఆమె ఈ గదిలో అడుగుపెట్టడం ఇదే మొదలు.

"వెళ్లిపోతావా?"

"పోయేది ల్యా. కానీ ఈ పొద్దు నాతో మాట్లాడొద్దు మామా. నాకు శానా కోపంగా ఉంది." మళ్లీ తనే అంది. "నేను నీ దిక్కు సూసినప్పుడు నువ్వు తల వంచుకున్న్యావు."

"వంచుకున్నాను." జమీలా దాచలేదు. "నిజం చెబితే వాడు ఇక రాడు, చెప్పకపోతే నువ్వుండవు. ఎవరు కావాలా అని ఆలోచించాను. ఆలోచించకూడనిది ఆలోచించాను. నన్ను క్షమించు."

ముడతల చెంపలమీద కన్నీళ్లు దారి తప్పి అటూ ఇటూ కారాయి. మహబూబ్బీ కోపం సాయంత్రం దాకా ఉంటుందనుకుంది. అంతసేపు నిలవలేదు. కొంగుతో ఆమె మొహం తుడిచింది.

"వాడు గురువారం వస్తాడంటావా?" అంది జమీలా చిన్నపిల్లలా.

"రాకుంటే నేనే చేస్తా ఫోను. మీయమ్మ నిన్ను సూడాలంటాంది బాబా, రా అని చెప్తా. ఇంతేగదా మాట. దీనికి దొంగలెందుకు, తుపాకులెందుకు? నీకు నోరు రాకుంటే నాకొస్తుంది."

జమీలా ఆమె చెయ్యి పట్టుకుంది.

"నా కొడుక్కి నువ్వు చెబుతావు. మరి మీ అమ్మ నిన్ను చూడాలనుకుంటోందని నీ కూతురికి ఎవరు చెప్పాలి?"

అప్పటిదాకా, పెట్టె సర్దుతున్నప్పుడు కూడా, కంటతడి పెట్టని మహబూబ్బీ ఆ ముసలి ఒళ్లో తలపెట్టుకొని వెక్కివెక్కి ఏడ్చింది.