పెదవుల దగ్గర ఆగిన బొమ్మ

పొద్దున్నే మంచం మీది దుప్పటి దులుపుతుంటే పుస్తకమొకటి జారి కింద పడింది. మనవరాలు నవత బొమ్మల పుస్తకం. పెద్దవ్వ కళ్లజోడు పెట్టుకుని తెరిచింది. పేజీ నిండా తన కళ్లే. తర్వాతి పేజీలో తన ముక్కు, ఆ తర్వాత గడ్డం, పక్క నుంచి ఒకసారి, కింద నుంచి ఒకసారి. అన్నీ పెన్సిలు గీతలే.

కామారెడ్డిలోని ఆ చిన్న ఇంట్లో గోడకెక్కిన మొఖాలన్నీ పోయినవాళ్లవే. ముందు భర్త గంగారాం, తర్వాత దుబాయి నుంచి పెట్టెలో వచ్చిన కొడుకు భీమేష్. ఇప్పుడు తన వంతన్నమాట. ఎవరికంత తొందరైందో! ఆమె రెండు చీరలు సంచిలో కుక్కుకుంది.

"యాడికి అత్తమ్మా?" వంటింట్లోంచి వచ్చిన కోడలు కళ అడిగింది.

"ఎల్లారెడ్డికి, నా బిడ్డ ఇంటికి. నేను పోకముందే బొమ్మ తయారు చేస్తున్నరు గద. ఇంక ఈడెందుకుండాలె?"

పుస్తకం చూసిన కళ మండిపడింది. "ఏమే నవతా! బతికున్న మనిషికి గిట్ల బొమ్మ గీస్తరానే? ఇంట్ల అయిన చావులు సాలలేదా?"

అప్పుడే స్నానం చేసి వచ్చిన నవత తడి జుట్టుతో గడపలోనే నిలబడిపోయింది. "అవ్వ బొమ్మ కాదమ్మా. బాపుది."

"నా మొఖం గీసి నా కొడుకంటవా?" అంది పెద్దవ్వ.

"బాపు ఫొటోలన్నీ పాస్‌పోర్టు కోసం దిగినయే అవ్వా. ఒక్కదాంట్లన్న నవ్వలే. నవ్వే బాపును గీద్దామనుకున్న. బాపుది నీ పోలికే అంటరు గద, అసలు బొమ్మకు ముందు నీ మొఖం చూసి చెయ్యి అలవాటు చేసుకుంటున్న." నవత పుస్తకం తెచ్చి అవ్వ చేతిలో పెట్టింది. "కండ్లు వచ్చినయి, ముక్కు వచ్చింది. నోరే వస్తలేదు. నువ్వు నవ్వుతనే లేవాయె. బాపు నవ్వు ఎట్లుండెనో నేను మరిచిపోతున్న అవ్వా."

పెద్దవ్వ మళ్లీ పేజీలు తిప్పింది. ప్రతి మొఖంలోనూ పెదవుల చోట రబ్బరుతో చెరిపి చెరిపి కాగితం మాసిపోయి ఉంది. కొడుకు పోయి రెండేళ్లు. తాను నవ్వితే వాడికి అన్యాయం చేసినట్టేనని ఇన్నాళ్లూ అనుకుంది. ఈ పిల్లకు తండ్రి నవ్వు దక్కకుండా పోతోందని ఆమెకు తోచనేలేదు.

సంచి పక్కన పెట్టి, వాకిట్లో వెలుతురున్న చోట పీట వేసుకుని కూర్చుంది. "గియ్యి బిడ్డా."

నవ్వుదామనుకోగానే నవ్వు వస్తుందా? పెదవులు వణికాయంతే. కాసేపటికి తనలో తాను చెప్పుకుంటున్నట్టు మొదలుపెట్టింది.

"మీ బాపు ఐదేండ్లోడు. పోచారం చెరువు నిండి అలుగు దుంకుతున్నదంటే చూడబోయినం. గన్ని నీళ్లు చూసి నా కొంగు పట్టుకొని ఏమన్నడో ఎరికేనా? 'అవ్వా, ఎవలో నల్లా ఇడిసిపెట్టి పోయిండ్రు, పోయి బంద్ చేద్దాం పా' అన్నడు!"

ఎడమ బుగ్గ ముందు లేచింది. తర్వాత మొఖమంతా నవ్వింది.

"గదే... గదే నవ్వు!" అంటూ కళ గోడకు చేరగిలబడి బావురుమంది. నవత పెన్సిలు ఆగకుండా కదులుతోంది.

పెద్దవ్వ కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. మొఖం కదిలితే కొడుకు నవ్వు చెదిరిపోతుందని ఆమె తుడుచుకోలేదు.