రెండూ కుడి చేతులే

పొద్దున ఆరు గంటలకల్లా షమా రబ్బరు బంతి పట్టుకుని తండ్రి మంచం పక్కన కూర్చుంది.

"ఊఁ, మొదలుపెట్టు నాన్నా. ఒకటి... రెండు..."

సలావుద్దీన్ కుడిచేత్తో బంతి నొక్కాడు. నొక్కాడని పేరే గానీ, వేళ్ళు దాని చుట్టూ వాలి మళ్ళీ లేచాయంతే. పన్నెండు దగ్గర ఆపేశాడు.

"డాక్టరుగారు వంద అన్నారు."

"రేపు చూద్దాంలే అమ్మా."

షమాకి ఒళ్ళు మండింది. గోడ మీది చార్టులో ఎర్ర స్కెచ్‌పెన్నుతో ఇంటూ కొట్టింది. మొదటి నాలుగు రోజులూ పచ్చటి టిక్కులు. ఆ తర్వాత వరసగా ఇంటూలే.

"పొద్దున్నే కవాతు మొదలెట్టావా తల్లీ? ఆయన్ని టీ అయినా తాగనివ్వవే" అంది వంటింట్లోంచి సర్దార్ బీ.

"నువ్వు ఊరుకో అమ్మా. నీ గారాబం వల్లే ఈయన ఇలా తయారయ్యాడు."

ఆ చార్టు వెనక ఒక కథ ఉంది. షమా తిరువూరులో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతుంది. ఆ ఏడాది, అంటే రెండువేల మూడులో, బెజవాడ నుంచి ఒకాయన వచ్చి వ్యక్తిత్వ వికాసం క్లాసు తీసుకున్నాడు. లక్ష్యం గోడ మీద రాసుకోవాలన్నాడు, చేసినరోజు బహుమతి ఇచ్చుకోవాలన్నాడు, ఇరవై ఒక్క రోజుల్లో మనిషి మారిపోతాడన్నాడు. మోటివేషన్, ఇన్‌స్పిరేషన్ అని గుక్కతిప్పుకోకుండా పదిసార్లు అన్నాడు. మర్నాడు తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి లేచి, "ఆ రెండూ ఒకటేనా టీచర్?" అని అడిగితే, "ఒకటే, రాసుకోండి" అనేసింది షమా. తెలియనిదాన్ని తెలియదంటే పిల్లలు చులకన చేస్తారని ఆమె భయం.

సలావుద్దీన్ ముప్పయ్యేళ్ళుగా బస్టాండు ఎదుటి సందులో టైలరు. గంపలగూడెం నుంచి, రెడ్డిగూడెం నుంచి ఆడవాళ్ళు ఆటోలెక్కి వచ్చి మరీ ఆయన దగ్గర జాకెట్లు కుట్టించుకునేవారు. జూన్‌లో మిషను మీద ఉండగానే పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది, కాలు తిరిగొచ్చింది. చెయ్యి మాత్రం రాలేదు. మొదటి మూడు నెలల్లో ఎంత వస్తే అంత, తర్వాత కష్టమన్నాడు డాక్టరు. రెండు నెలలు అయిపోయాయి. షమా తొందరంతా అందుకే.

ఆ శనివారం మధ్యాహ్నం సరోజినీదేవి వచ్చింది. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. పాత విద్యార్థులు సోమవారం సన్మానం చేస్తున్నారట. సంచీలోంచి పూల పట్టు జాకెట్టు గుడ్డ, కొలతకి ఒక పాత జాకెట్టు తీసింది.

"ఇంకెవరికీ ఇవ్వబుద్ధి కాలేదండీ మాస్టారూ. మీరు కుట్టిందైతే చెయ్యెత్తినా పైకి లాగదు."

"నా చెయ్యే లేవడం లేదు మేడం" అన్నాడు సలావుద్దీన్ తలవంచుకుని.

"నేను కుడతానండీ. ఇచ్చి వెళ్ళండి" అంది షమా చటుక్కున. మిషను తొక్కడం ఆమెకి చిన్నప్పటి నుంచీ వచ్చు. గుడ్డ కత్తిరించడం మాత్రం ఏనాడూ చేసి ఎరగదు.

సరోజినీదేవి గడప దాటగానే సలావుద్దీన్ అందుకున్నాడు. "ఎందుకమ్మా ఒప్పుకున్నావు? ఆవిడ గుడ్డ పాడుచేస్తావు."

"అయితే నువ్వు లే! లేవవుగా? బంతి నొక్కమంటే బద్ధకం. టిక్కు పెడితే జిలేబీ తెస్తానన్నా బద్ధకమే. జీవితాంతం మేం అన్నం కలిపి నోట్లో పెట్టాలా? అదేనా నీ ఆశ?"

"షమా!" అని అరిచింది సర్దార్ బీ.

సలావుద్దీన్‌కి కోపం రాలేదు. వచ్చినా బాగుండేది.

"మొదట్లో చేశానమ్మా, నీ టిక్కుల కోసం, నీ మొహం చూసి" అన్నాడు నెమ్మదిగా. "నువ్వు స్కూలుకెళ్ళగానే బంతి ఎందుకు నొక్కుతున్నానో నాకే తెలిసేది కాదు. నువ్వు లెక్కపెడుతున్నంతసేపూ ఈ చెయ్యి నీదైనట్టు ఉంటుంది తల్లీ. నాదనిపించదు."

షమా గుడ్డ తీసుకుని ముందు గదిలోకి వెళ్ళి చాప పరిచింది. కళ్ళనీళ్ళు ఆ పట్టుమీద పడకుండా భుజంతో తుడుచుకుంది.

పాత జాకెట్టు చూసి ముందు భాగం, వెనక భాగం బాగానే కత్తిరించింది. ఇక చేతులు. టైలర్లు గుడ్డని రెండు మడతలు వేసి రెండు చేతులూ ఒకేసారి కత్తిరిస్తారు. అలా అయితే కుడీ ఎడమా వాటంతటవే వస్తాయి. మడత మీద కత్తెర జారుతుందేమోనని షమా భయపడింది. ఒక్క పొర మీదే గీసుకుని ఒక చెయ్యి కత్తిరించింది. దాన్నే పైన పెట్టి ఇంకొకటి కత్తిరించింది.

పిన్నులు పెట్టి చూస్తే ఒక చెయ్యి చక్కగా కూర్చుంది. రెండోది ఎటు తిప్పినా వంకరే. తిరగేస్తే పూలు లోపలికి పోయి వెలిసిపోయిన వైపు బయటికొస్తోంది. మిగిలినవి రెండు సన్నటి పీలికలు. షమా కత్తెర కింద పెట్టేసింది.

లోపలి గదిలో సలావుద్దీన్‌కి కత్తెర చప్పుడు ఆగిపోవడం వినిపించింది. చాలాసేపు మళ్ళీ మొదలు కాలేదు. ఆయన గోడ పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఒక్కసారి చూశాడంతే, నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఓసి పిచ్చిదానా! రెండూ కుడి చేతులే! ఆవిడకి రెండు కుడి చేతులా? నాకు ఒక్కటీ లేకపోయె!"

ఈ రెండు నెలల్లో ఆయన నవ్వడం అదే మొదటిసారి. షమాకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"ఆవిడ మొహం ఎలా చూడను నాన్నా?"

"జరుగు" అంటూ చాప మీద కూలబడ్డాడు. పీలికలు రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. "చాలవని ఎవరన్నారు? చంక కింద అతుకు వేస్తే సరిపోతాయి. ఎవరికీ కనపడదు. ముందు కాగితం మీద గీసుకోవాలి. పెద్ద కాగితం ఉందా?"

షమా అటూ ఇటూ చూసింది. లోపలికెళ్ళి గోడ మీది చార్టు లాగేసి తెచ్చి, టిక్కులూ ఇంటూలూ నేలవైపుకి తిప్పి పరిచింది.

ఆయన పెన్సిలు కుడిచేతిలో పెట్టుకున్నాడు. ఎడమచేత్తో వేళ్ళు దానిచుట్టూ మూశాడు. గీత సగంలో పెన్సిలు జారింది. మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ జారింది. నుదుటి మీద చెమట పట్టింది. అయినా చూపు కాగితం మీదే ఉంది.

షమా నోట్లో లెక్క మొదలైంది. తొమ్మిది... పది... పైకి అనబోయి నాలుక కరుచుకుంది. తనేమో ఇన్నాళ్ళూ ఆయన్ని వెనక నుంచి తోసింది. తోసినంతమేరే కదిలి ఆగిపోయాడాయన. ఇవాళ ఎవరూ తోయలేదు. ఆ పాడైన గుడ్డే ఆయన్ని లేపి కూర్చోబెట్టింది. సోమవారం ఆ తొమ్మిదో తరగతి పిల్లని పిలిచి, నీకు తప్పు చెప్పానమ్మా, మోటివేషనూ ఇన్‌స్పిరేషనూ ఒకటి కాదు అనాలి.

"నన్ను క్షమించు నాన్నా. ఇందాక..."

"మాట్లాడకు, గీత పోతుంది."

గంటసేపటికి చెయ్యి ఆకారం పూర్తయింది. వంకరటింకర గీతే. సలావుద్దీన్ దాన్ని ఎగాదిగా చూసి, "ఇక్కడ గీతకి ఒక్క నూలు, కొంచెమే, లోపలికి కత్తిరించు. ఈసారి ఎడమ చెయ్యి సుమా!" అన్నాడు.

సర్దార్ బీ టీగ్లాసులతో వచ్చి, భర్త వేళ్ళ మధ్య పెన్సిలు చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. కూతుర్ని అడిగింది.

"ఎన్నిసార్లు చేశారే ఇవాళ?"

షమా కళ్ళు తుడుచుకుని కత్తెర అందుకుంది.

"లెక్కపెట్టలేదమ్మా."