పక్క మంచం మందు

ఆ వార్డులో కిటికీలు తెరవరు. స్పిరిట్ వాసన, తడి తుడుపుగుడ్డ వాసన, వాటి అడుగున ఎక్కడో జబ్బు మనుషుల ఊపిరి వాసన. సాయంత్రం లైట్లు వేసే వేళకి నర్సు ఫ్రిజ్ తెరిచి, సీసాల మీద అంటించిన మంచం నంబర్లు చూసుకుని సూదులు సిద్ధం చేసుకునేది. పేర్లతో పని లేదు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బుకి అక్కడ కొత్త మందు పరీక్షిస్తున్నారు.

చేరిన ప్రతివాళ్లకీ ఆ పద్ధతి విడమరిచి చెప్పింది ఆమే. సగంమందికి మందు, సగంమందికి ఉత్త ఉప్పునీళ్లు. ఎవరికేది ఎక్కుతోందో రోగికి తెలియదు, నర్సుకి తెలియదు, డాక్టరుకీ తెలియదు. తెలిస్తే ఆశ అడ్డొస్తుంది. మందు పడుతోందన్న నమ్మకంతోనే కొందరు లేచి కూర్చుంటారు. మందు ఇచ్చానన్న నమ్మకంతో డాక్టరు లేని నయాన్ని కూడా చూస్తాడు. ఆ ఆశని పక్కన పెడితే తప్ప మందు నిజంగా పనిచేసిందో లేదో తేలదు, రేపు వచ్చే రోగులకి ధైర్యంగా ఇవ్వలేరు. ఇదంతా చిలక్కి చెప్పినట్టు చెప్పేది. అందరూ తలలూపి సంతకాలు పెట్టేవాళ్లు.

వాళ్లలో ఆమె తమ్ముడొకడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆమెను వేరే వార్డుకి పంపించేస్తారు.

తమ్ముడికి చిన్నప్పటినుంచీ తలగడని రెండుగా మడిచి పెట్టుకుంటే గానీ నిద్ర పట్టదు. బొత్తం ఊడితే పిన్నీసు పెట్టుకు తిరిగే రకం. అమ్మ పోయాక ఆమె చేతుల మీదే పెరిగాడు. ఇప్పుడు నాలుగు మాటలు మాట్లాడేసరికి పెదాలు నీలంగా అయిపోతున్నాయి. పక్క మంచం మీది దర్జీ మాత్రం రోజురోజుకీ తేరుకుంటున్నాడు. మెట్లెక్కుతున్నాడు, అందర్నీ ఆటపట్టిస్తున్నాడు. నర్సు యూనిఫాం జేబు చిరిగి వేలాడటం చూసి ఊరుకోలేకపోయాడు.

"అమ్మాయ్, ఇంటికెళ్లేలోపు ఆ జేబు నా చేత్తో కుట్టేసి పోతాను. చూడలేకపోతున్నా."

అంటే మందు అతని సీసాలోనే ఉందన్నమాట. అందరికీ పాఠం చెప్పిన మనిషి, తన దాకా వచ్చేసరికి ఆ పాఠాన్ని గాలికొదిలేసింది. ఓ సాయంత్రం ఫ్రిజ్ తలుపు చాటున రెండు సీసాల నంబర్లూ గోటితో ఒలిచి, దానిది దీనికి, దీనిది దానికి అంటించింది. ఆ రోజు సూది గుచ్చుతుంటే దర్జీ నవ్వాడు.

"ఏంటమ్మాయ్, చెయ్యి వణుకుతోంది?"

వారం తిరక్కుండానే దర్జీ పోయాడు. ఆమెకి ఏడుపు రాలేదు. భయం కూడా వెయ్యలేదు. దుప్పటి మార్చింది, తలగడ గలీబు మార్చింది, చేతులు కడుక్కుంది. లోపల ఏదో మొద్దుబారిపోయింది, అంతే. తమ్ముడు లేచి కూర్చున్నాడు. అడిగి మరీ తిన్నాడు. తలగడ మడిచి పెట్టుకోవడం మానేశాడు గానీ, అదేమంత పట్టించుకోవాల్సిన సంగతి కాదనుకుంది.

పరీక్ష ముగిసింది. తమ్ముణ్ణి ఇంటికి తీసుకెళ్లింది. కొన్నాళ్లకి డాక్టరు సిబ్బందిని పిలిచి, ఎవరికేది ఇచ్చారో ఆ గుట్టు విప్పాడు. దర్జీ సంగతీ, ఆ పక్క మంచం కుర్రాడి సంగతీ ఏమిటని ఆమె మామూలుగా అడిగినట్టు అడిగింది.

"ఇద్దరివీ ఉప్పునీళ్లే. దర్జీ మొదట్లో తేరుకున్నది ఉత్త ఆశతో. ఆ కుర్రాడు ఎలా లేచాడో మాత్రం నాకు అంతుపట్టడం లేదు," అన్నాడు డాక్టరు.

అయితే దర్జీని ఆమె చంపలేదు. గుండెల మీంచి బరువు దిగాలి. దిగుతుందేమోనని చూసింది. దిగలేదు. ఉప్పునీళ్లకి ఉప్పునీళ్లు మార్చింది. మరి మారిందేమిటి?

ఇంటికొచ్చేసరికి చీకటి పడుతోంది. లైటు వెయ్యలేదు. కిటికీ పక్కన తమ్ముడు కూర్చుని ఉన్నాడు. ఒళ్లో ఆమె యూనిఫాం... దారం కొస పెదాలతో తడిపాడు. అంత చీకట్లోనూ ఒక్కసారికే సూదిలోకి ఎక్కించాడు.

"ఒరేయ్..." అంది.

కుడుతున్నాడు. టక్... టక్... బట్టలోంచి సూది దిగుతున్న చప్పుడు.

"ఒరేయ్, నిన్నే..."

దారం పంటితో తెంపాడు. యూనిఫాం ఆమె చేతికిచ్చాడు.

"ఇదిగో అమ్మాయ్," అన్నాడు మెల్లగా. "ఇవాళ చెయ్యి వణకట్లేదే?"

గొంతు తమ్ముడిదే. కానీ పుట్టి బుద్ధెరిగాక వాడు ఆమెను అక్కా అని తప్ప పిలిచి ఎరగడు.

ఆమె జేబు తడిమి చూసింది. కుట్టు ఎక్కడ పడిందో తెలియనంత నేర్పుగా ఉంది. ఆ యూనిఫామే తొడుక్కుని ఆస్పత్రికి నడిచింది. పరీక్ష అయిపోయాక ఆ వార్డుకి తాళం వేశారు. తాళం తీసి లోపలికెళ్లింది. అదే వాసన. ఖాళీ మంచాలు, ఉతికిన దుప్పట్లు, చదునుగా పరిచిన తలగడలు.

దర్జీ మంచం మీద తలగడ ఒక్కటే... రెండుగా మడిచి ఉంది.

దాన్ని విప్పి చదును చేసింది. తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి చూసింది.

మళ్లీ మడిచి ఉంది.

దగ్గరికెళ్లి, మడత మీద చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది... చెమటకి కొంచెం తడిగా కూడా ఉంది.